ముందు చెక్క, తర్వాతే డబ్బా

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి. పెద్దది మూడో ఈత, ఈని రెండున్నర నెలలైంది. కిందటి ఈతలో రెండు పూటలా కలిపి 8 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 6 దాటడం లేదు. పాల కేంద్రంలో వెన్న 5.8 చూపిస్తోంది. గోడలు నాకుతోంది, ఎదకు కూడా రాలేదు. రెండోది ఎనిమిది నెలల చూడి, ఇంకా పూటకో లీటరు ఇస్తోంది. మేత ఎండు వరిగడ్డి, చెరొక రెండు కిలోల తవుడు, కుడితి, ఉడికించిన ఉలవలు పావు కిలో. పచ్చగడ్డి అంటే వానల్లో గట్ల మీద దొరికిందే. మందుల కొట్లో 5 లీటర్ల కాల్షియం డబ్బా, లివర్ టానిక్, బైపాస్ ఫ్యాట్, ఎదకు వచ్చే పొడి ఇచ్చారు. కాల్షియం రెండింటికీ రోజుకు 100 మి.లీ. పోస్తున్నాం. డబ్బా మీద 100 మి.లీ.లో కాల్షియం 3,300 మి.గ్రా. అని ఉంది. ఇవన్నీ అవసరమేనా? పక్కూరి రైతు అజొల్లా (నీళ్ల మీద తేలుతూ పెరిగే నాచులాంటి మొక్క) వెయ్యమంటున్నాడు. పాలు బాగా చేపడానికి సూది వేయించమని మరొకరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాడి రైతు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: కొట్లో ఇచ్చిన నాలుగింటిలో కాల్షియం, లివర్ టానిక్, ఎద పొడి ఆపేయండి. బైపాస్ ఫ్యాట్ తడి తగలకుండా మూతికట్టి అటక మీద పెట్టండి, దాని సంగతి తర్వాత. ఆ డబ్బుతో ముందు కొనాల్సినవి మూడే: నూనె తీసిన చెక్క, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు. మీరు మేత వివరం, డబ్బా మీది అంకె రెండూ రాశారు కాబట్టి ఇంత ఖాయంగా చెప్పగలుగుతున్నాం.

పెద్ద గేదె సంగతి ముందు చూద్దాం. 450 కిలోల గేదె అనుకుంటే రోజుకు 9 కిలోల దాకా ఎండుగడ్డి తింటుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడున్నర పాళ్లకు మించవు. అంటే గడ్డి నుంచి 315 గ్రాములు. రెండు కిలోల తవుడు నుంచి 240, ఉలవల నుంచి ఓ 55. అంతా కలిపితే 610 గ్రాములు. గేదె తన ఒంటిని నిలుపుకోవడానికి సుమారు 400 గ్రాములు కావాలి, 7 శాతం వెన్న ఉన్న పాలకు లీటరుకు 90 గ్రాముల చొప్పున ఆరు లీటర్లకు మరో 540. మొత్తం 940. రోజూ 330 గ్రాముల లోటుతో పాలిస్తోందన్న మాట. పాలు తగ్గడానికి పెద్ద కారణం ఇదే. ఈ లోటును ఏ టానిక్కూ పూడ్చలేదు, ఎందుకంటే సీసాలో మాంసకృత్తులు ఉండవు.

కిలో వేరుశనగ చెక్కలో 400 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, నువ్వు చెక్కలో 350కి అటూఇటూ. రోజుకు కిలో చెక్క పెడితే ఆ గొయ్యి పూడిపోతుంది, శక్తి లోటు కూడా చాలావరకు తీరుతుంది. ఉద్దానం వైపు కొబ్బరి చెక్క చవగ్గా దొరుకుతుంది. అందులో మాంసకృత్తులు ఇరవై పాళ్ల చిల్లరే కాబట్టి కిలోన్నర పైన పెట్టాలి, త్వరగా కారువాసన వస్తుంది కూడా. కొత్త చెక్కను ఒక్కసారిగా కిలో పెట్టకండి. మొదటి రెండు రోజులు పావు కిలో, తర్వాత రెండు రోజులకోసారి పావు కిలో పెంచుకుంటూ వారం పది రోజుల్లో కిలోకి రండి. ముందు రాత్రి నానబెట్టి, ఉదయం సగం, సాయంత్రం సగం తవుడులో కలిపి పెట్టండి.

చెక్క కొనేటప్పుడు విరిచి చూడండి. విరిచినచోట ఆకుపచ్చ, నలుపు మచ్చలున్నా, బూజు వాసన కొట్టినా వదిలెయ్యండి. తడి తగిలిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా అది పోదు. గేదె కాలేయాన్ని దెబ్బతీసి పాలలోకి కూడా దిగుతుంది. ఆశ్వయుజ, కార్తీకాల తుఫాను ముసుర్లలో మన వైపు చెక్క బస్తాలు నేల మీదే ఉండిపోతాయి, అప్పుడే ఈ బెడద ఎక్కువ. బస్తా కింద బల్ల ఉండాలి, గోడకు జానెడు దూరం ఉండాలి. నెలకు సరిపడా మించి కొనకండి.

ఇప్పుడు కాల్షియం లెక్క. మీ డబ్బా ప్రకారం 100 మి.లీ.లో 3.3 గ్రాముల కాల్షియం. ఐదు లీటర్ల డబ్బా మొత్తం కలిపినా 165 గ్రాములు. మంచి ఖనిజ లవణ మిశ్రమంలో కాల్షియం నూటికి 20 పాళ్లు, అంటే కిలో ప్యాకెట్టులో 200 గ్రాములు. మీ ఐదు లీటర్ల డబ్బా కన్నా కిలో పొడిలోనే కాల్షియం ఎక్కువ, పైగా భాస్వరం, మెగ్నీషియం, జింకు, రాగి, కోబాల్టు, అయోడిన్ అదనం. రెండింటి ధరలూ మీ కొట్లోనే అడిగి, గ్రాముకు ఎంత పడుతోందో ఓ కాగితం మీద వేసి చూసుకోండి.

ఇటు గేదె పాలలో లీటరుకు 1.8 గ్రాముల కాల్షియం పోతుంది. ఆరు లీటర్లకు దగ్గర దగ్గర 11 గ్రాములు. తిన్న కాల్షియమంతా ఒంటికి పట్టదు, సగం కూడా పట్టదు. అందుకే మేతలో 45 గ్రాముల దాకా ఉండాలి. వరిగడ్డిలో కాల్షియం కాగితం మీద కనబడుతుంది గానీ, గడ్డిలోని ఆక్జలేట్లు అనే లవణాలు దాన్ని పట్టి ఉంచేస్తాయి. తవుడులో దాదాపు లేదు, రెండు కిలోలకు గ్రామున్నర. అదే తవుడులో భాస్వరం మాత్రం దండిగా ఉంటుంది. మీ మేతలో ఒకవైపు భాస్వరం బరువు, రెండోవైపు కాల్షియం తేలిక. ఈ తూకం 3.3 గ్రాములతో సరికాదు. కొందరు కుడితిలో సున్నపు తేట పోస్తుంటారు. హాని లేదు గానీ లాభమూ అంతంతే, లీటరు తేటలో గ్రాము కాల్షియం కూడా కరగదు.

కాబట్టి పెద్ద గేదెకు రోజుకు 100 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 నుంచి 40 గ్రాముల ఉప్పు. పాలు పది లీటర్లు దాటే గేదెకైతే 150 గ్రాముల దాకా వెళ్లవచ్చు. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఐఎస్ 1664 అన్న ప్రమాణం, కాల్షియం 20, భాస్వరం 12 శాతాలకు తగ్గకుండా ఉన్నాయో లేదో, తయారీ తేదీ చూడండి. భాస్వరం ఎంతో రాయని ప్యాకెట్టు ముట్టుకోవద్దు. చాలావాటిలో సున్నపురాయి పొడి నింపి కాల్షియం అంకె మాత్రం పెద్దగా వేస్తారు, భాస్వరం ఖరీదైనది కనుక దాన్ని తగ్గిస్తారు. ఎరువుల కొట్లో దొరికే సూపర్ ఫాస్ఫేట్‌ను భాస్వరం కోసం కలపడం ఇంకా ప్రమాదం. అందులోని ఫ్లోరిన్ పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తుంది.

పెట్టే తీరులో ఒక పొరపాటు ఇంటింటా కనిపిస్తుంది. పొడిని కుడితి గాబులో వేసి కర్రతో తిప్పుతారు. ఖనిజాల పొడి నీళ్లలో కరగదు. గేదె మూతి పెట్టేసరికి అడుక్కి దిగిపోతుంది. గేదె పైనున్న కుడితి తాగి వెళ్లిపోతుంది. మర్నాడు గాబు కడిగితే అడుగున బూడిదరంగు మడ్డి కనిపిస్తుంది, మీ డబ్బంతా అక్కడే ఉంటుంది. నానిన చెక్క, తవుడు ముద్దగా పిసికి, అందులో పొడి కలిపి, బొచ్చెలో పెట్టండి. వంద గ్రాములంటే ఎంతో కిరాణా కొట్టు కాటా మీద ఒక్కసారి తూయించి, ఓ పాత గ్లాసు మీద గీత గీసుకోండి. గుప్పెడు లెక్కన వేస్తే ఒకరి చేతికి 40, ఇంకొకరి చేతికి 90 గ్రాములు పడతాయి. మొదటి వారం వాసనకు మూతి తిప్పుకుంటే 30 గ్రాములతో మొదలుపెట్టి పెంచండి.

గొట్టంతోనో సీసాతోనో నోట్లో పొయ్యడం మానండి. తల పైకెత్తి నాలుక బయటకు లాగి పోస్తే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండు మూడు రోజుల్లో దగ్గు, జ్వరం, ఎగశ్వాస మొదలవుతాయి. టానిక్కుల వల్ల జరిగే నష్టాల్లో డబ్బు తర్వాత ఇదే పెద్దది.

గోడలు నాకడం ఉప్పు లోటుకు, భాస్వరం లోటుకు, కడుపులో పురుగులకు కూడా గుర్తు. మీరు ఉప్పు పెడుతున్నట్టు రాయలేదు, కుడితిలో పడే గంజి ఉప్పు లెక్కలోకి రాదు. ఉప్పు, ఖనిజ మిశ్రమం మొదలుపెట్టాక నెలలోగా నాకుడు తగ్గాలి. తగ్గకపోతే పేడ పరీక్ష చేయించండి. చెరువు నీళ్లు తాగే, వరి మళ్లలో మేసే గేదెలకు కార్జపు జలగ మన జిల్లాల్లో మామూలే. ఆ చెరువుల్లో నత్తలున్నంత కాలం ఉంటుంది. దవడ కింద నీరు దిగడం, పలచటి పేడ, రోజురోజుకూ చిక్కిపోవడం దాని గుర్తులు. జలగలున్న గేదెకు ఎంత చెక్క పెట్టినా జలగలకే పోతుంది. మందు ఏది, ఎంత అన్నది పశువైద్యుడే చెప్పాలి. మామూలు పురుగుల మందులు కొన్ని జలగల మీద సరిగా పనిచెయ్యవు, కొన్ని చూడి తొలి నెలల్లో వాడకూడదు. రెండు గేదెలున్న ఇంట్లో ఒక మందు రెండింటికీ పోసెయ్యడం అందుకే మంచిది కాదు.

వెన్న 5.8 గురించి ఏమైనా కొనేముందు పాలు పితికే తీరు చూడండి. మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, ఆఖరి ధారల్లో చాలా ఎక్కువ. దూడకు చివర్లో వదిలే అలవాటుంటే వెన్నంతా దూడ తాగి, నీళ్లలాంటి పాలు కేంద్రానికి వెళ్తాయి. చేపడానికి మొదట దూడను విడిచి, చేపిన వెంటనే తప్పించి, చివరిదాకా పితికాక దూడ వాటాను కలిపిన పాల నుంచి కొలిచి పట్టండి. చేపిన ఏడెనిమిది నిమిషాల్లో పితకడం అయిపోవాలి. దీనితో పాటు ఎండుగడ్డి కడుపునిండా ఉండాలి, వెన్న తయారయ్యేది పీచు నుంచే. ఈనిన రెండో నెల చుట్టుపక్కల పాలు ఎక్కువగా ఉండి వెన్న కొద్దిగా తగ్గడం కూడా సహజమే, పాలు దిగుతున్నకొద్దీ వెన్న పెరుగుతుంది.

వెన్న పెరుగుతుందని కుడితిలో నూనె పోసే ఆలోచన ఉంటే మానండి. పచ్చి నూనె పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులను అణిచేస్తుంది, మేత తగ్గుతుంది, వెన్న ఇంకా పడిపోతుంది. ఆ చిక్కు లేకుండా ఉండాలనే బైపాస్ ఫ్యాట్ తయారుచేశారు. కొవ్వును కాల్షియంతో కట్టడం వల్ల అది పెద్దపొట్టలో కరగకుండా ముందుకు పోయి పేగుల్లో అరుగుతుంది. మంచి వస్తువే. అయితే అది అందరికీ కాదు. ఎనిమిది పది లీటర్లిచ్చే గేదె ఈనిన కొత్తలో తినగలిగిన దానికన్నా ఎక్కువ శక్తిని పాలలో పోగొట్టుకుని ఒళ్లు కరిగించుకుంటుంది, అప్పుడు పనికొస్తుంది. రెండున్నర నెలలు దాటి ఆరు లీటర్లిస్తున్న గేదెకు, అదీ చెక్కే లేని మేత మీద, ఇది ముందు కొనాల్సిన సరుకు కాదు. ప్యాకెట్టు గడువు ఉంటే మీ చూడిగేదెకు వాడండి. ఈనే పది రోజుల ముందు 50 గ్రాములతో అలవాటు చేసి, ఈనాక 100 నుంచి 150 గ్రాములకు పెంచి, మూడు నెలల దాకా దాణాలో కలిపి పెట్టవచ్చు.

ఎదకు రాలేదన్న బెంగ ఇప్పుడే అక్కర్లేదు. ఈనాక గర్భసంచి మామూలు స్థితికి రావడానికే నెల, నెలన్నర పడుతుంది. ఒళ్లు తగ్గిన గేదె ఇంకా ఆలస్యం చేస్తుంది. వచ్చినా మీకు కనపడకపోయి ఉండవచ్చు. గేదెలది మూగ ఎద, ఆవులా ఎగబడదు. పొద్దు వాలాక, తెల్లవారుజామున ఒక్కో పావుగంట దగ్గర నిలబడి చూడండి. మాటిమాటికీ మూత్రం పొయ్యడం, తోక పక్కకు పెట్టడం, మేత తగ్గడం, పడుకున్నచోట తీగలా సాగే, గాజులా తేటగా ఉండే జిగురు, ఉన్నట్టుండి పాలు దాచుకోవడం గుర్తులు. మూడు నెలలు నిండినా ఏమీ లేకపోతే పశువైద్యుడితో గర్భసంచి పరీక్ష చేయించండి. ఎద పొడుల్లో సాధారణంగా ఉండేవి కొన్ని ఖనిజాలు, మూలికలు. ఖనిజాలు మీ మిశ్రమంలో ఎలాగూ వస్తాయి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి: చెక్క ప్రభావం పాల మీద పది పదిహేను రోజుల్లో తెలుస్తుంది, ఖనిజాల ప్రభావం ఎద మీద తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిహేను రోజులు పెట్టి ‘పనిచెయ్యలేదు’ అని ఆపేసేవాళ్లే ఎక్కువ. పాలు ఈ ఈతలో తిరిగి 8కి రావడం అనుమానమే, శిఖరం దాటిపోయింది. అర లీటరు, లీటరు పెరిగి ఎక్కువ కాలం నిలబడితే అదే లాభం.

ఇప్పుడు చూడిగేదె. దీని విషయంలో మీరు చేస్తున్నది వృథా ఖర్చుతో ఆగదు, హాని కూడా. గేదెకు చూడికాలం పది నెలల పది రోజులు. ఎనిమిది నెలలు నిండాయంటే ఇక డెబ్బై రోజులే ఉన్నాయి. ఈ పది రోజుల్లో పాలు ఎండగట్టండి. పొదుగు కణజాలం కొత్తగా తయారవడానికి రెండు నెలల విరామం కావాలి, ఇప్పుడు పిండే పూటకో లీటరు వచ్చే ఈత పాలకు కోత పెడుతుంది. దాణా తగ్గించి, ఒక పూట మాని, తర్వాత రోజు విడిచి రోజు పితికి ఆపెయ్యండి. ఆఖరిసారి పితికాక ప్రతి చన్నులో ఎక్కించే మందు గురించి పశువైద్యుడిని అడగండి, ఎండిన కాలంలో వచ్చే పొదుగువాపును అది ఆపుతుంది.

ఎండగట్టాక దానికి రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు, కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా చాలు. కాల్షియం డబ్బా పూర్తిగా ఆపండి. ఈనే ముందు మూడు వారాల్లో కాల్షియం ఎక్కువ పెడితే, ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి తీసే గ్రంథి పనిలేక మందగిస్తుంది. ఈనగానే జున్నుపాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోతుంది, గ్రంథి వెంటనే మేలుకోలేదు. గేదె పాలజ్వరంతో కూలబడుతుంది. చెవులు చల్లబడి, మెడ డొక్కవైపు తిప్పుకుని లేవలేకపోతుంది. ‘అంత కాల్షియం పోసినా పడిపోయింది’ అని ఆశ్చర్యపోతారు, మోతాదు మించి పోసి ఉంటే అదే కారణం కావచ్చు. వంటసోడా కూడా ఆ మూడు వారాలు వద్దు.

కాల్షియం ద్రవానికో, జెల్‌కో సరైన సమయం ఈనిన రోజు, మర్నాడు. అప్పుడు వాడాల్సింది ఒక్క మోతాదులో 40-50 గ్రాముల కాల్షియం ఉండే జెల్, అదీ గేదె నిలబడి మింగగలిగితేనే. కూలబడిన గేదెకు నోట్లో ఏమీ పొయ్యవద్దు, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చెయ్యండి లేదా డాక్టరును పిలవండి. నరంలోకి ఎక్కించే కాల్షియం నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఎవరో తెలిసినాయన చేత చేయించే పని కాదు.

ఈనిన రెండు నాలుగు వారాల్లో మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే అది భాస్వరం లోటు వల్ల వచ్చే రక్తమూత్రం కావచ్చు, గేదెల్లో ఇది ఆవుల్లో కన్నా ఎక్కువ. జ్వరం లేకపోవడం దాని గుర్తు. జ్వరం, పిడుదులు ఉంటే వేరే జబ్బు. రెండింటికీ మందులు వేరు, ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకూడదు.

మీ రెండు గేదెలకూ ఉన్న మరో లోటు విటమిన్-ఎ. ఎండు వరిగడ్డిలో అది లేనట్టే. చూడిగేదెకు ఇది తగ్గితే మాయ పడకపోవడం, గుడ్డి దూడలు పుట్టడం చూస్తాం. దీనికి చవకైన మందు పచ్చగడ్డి, రోజుకు 10 నుంచి 15 కిలోలు. పది సెంట్ల నేలలో సూపర్ నేపియరో, కో-5 గడ్డో నాటి నీరూ ఎరువూ చూసుకుంటే రెండు గేదెలకు ఆ మేరకు సరిపోతుంది. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత 45 రోజులకోసారి. ముదరనిస్తే కాండమే మిగులుతుంది. ముక్కలుగా నరికి పెట్టండి. కణుపుల కోసం ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ రైతు సేవా కేంద్రంలోనో అడగండి. నేల అంత లేకపోతే వరి కోతకు ముందు చేలో తేమ ఉండగా పిల్లిపెసర చల్లండి. మన వైపు పెసర, మినుము చల్లే పద్ధతే, ఎకరానికి 10-12 కిలోల విత్తనం. పూతకు వచ్చినప్పుడు కోసి, ఎండుగడ్డితో కలిపి పెట్టాలి. మంచు తడిమీద ఒట్టిదే కడుపునిండా మేస్తే కడుపుబ్బరం వస్తుంది. గట్టు మీద నాలుగు అవిశ, గ్లైరిసిడియా చెట్లుంటే ఎండాకాలం గడిచిపోతుంది. సుబాబుల్ అయితే మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించనివ్వకండి. పూత రాని జొన్న, అందులోనూ వానలేక వాడింది, అస్సలు మేపవద్దు, విషం.

అజొల్లా గురించి ప్రచారం దాని బలాన్ని మించిపోయింది. ‘25 శాతం మాంసకృత్తులు’ అన్నది ఎండబెట్టిన అజొల్లాకు. పచ్చి అజొల్లాలో వందకు 94 పాళ్లు నీరే. రెండు కిలోలు పెడితే పొడి సరుకు 120 గ్రాములు, మాంసకృత్తులు 30 గ్రాములకు లోపు. అంటే 75 గ్రాముల చెక్కతో సమానం. గుంటకు తవ్వకం, షీటు, పేడ, రోజూ చూసే మనిషి కావాలి. నీడ, నీరు, తీరిక ఉంటే వెయ్యండి, కోళ్లకు కూడా పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని చెక్క తగ్గిస్తే పాలు తగ్గుతాయి.

అజొల్లా కన్నా పది రెట్లు లాభం ఇచ్చే పని ఒకటి మీ గడ్డివామిలోనే ఉంది: యూరియాతో గడ్డిని శుద్ధి చెయ్యడం. మూడున్నర శాతం ఉన్న మాంసకృత్తులు ఏడెనిమిది శాతానికి పెరుగుతాయి, గడ్డి మెత్తబడి గేదె ఎక్కువ తింటుంది. వంద కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. ఒక బకెట్లో 10 లీటర్ల నీళ్లలో 800 గ్రాముల యూరియా పూర్తిగా కరగనిచ్చి, 20 కిలోల గడ్డిని పాలిథిన్ షీటు మీద పరిచి, చిల్లుల డబ్బాతో సమంగా చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కాలి. దాని మీద ఇంకో 20 కిలోలు, ఇలా ఐదు వరసలు. గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. పైన షీటు కప్పి అంచులు మట్టితో మూసి 21 రోజులు కదపకూడదు. తెరిచినప్పుడు గడ్డి బంగారు గోధుమరంగుకు తిరిగి, ముక్కు పగిలే అమోనియా వాసన వస్తుంది, అది సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు. ఒక పక్క నుంచి కావలసినంత తీసి, గంటసేపు ఆరబెట్టి పెట్టాలి. మొదటి రోజు రెండు కిలోలు, వారం రోజుల్లో పూర్తి మేత. నల్లబడిన, బూజు పట్టిన ముద్దలు పారెయ్యండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు, మూడు వారాలు ఆగలేక యూరియాను కుడితిలో కలపడం, లేదా అప్పటికప్పుడు గడ్డి మీద చల్లి పెట్టడం. అరగంటలో కడుపు ఉబ్బి, నురగ కక్కి, వణికి చచ్చిపోతుంది. యూరియా నీళ్ల బకెట్టు గేదెకు అందేచోట పెట్టవద్దు, దాహం మీదున్న గేదె తాగేస్తుంది.

గడ్డి సంగతి వచ్చింది కనుక ఇంకో మాట. తుఫాను వానలో తడిసి నల్లబడ్డ వరిగడ్డిని చలికాలంలో మేపితే గేదెల కాళ్లు వాచి, చెవి కొనలు, తోక చివర ఎండి రాలిపోయే జబ్బు వస్తుంది. డెగ్నాలా అంటారు. బూజే కారణం. ఆవుల కన్నా గేదెలకే ఎక్కువ. తడిసిన గడ్డికి ఖనిజ మిశ్రమం విరుగుడు కాదు, తడవని గడ్డి వెతుక్కోవడమే దారి.

విడివిడిగా కలుపుకునే శ్రమ వద్దనుకుంటే ఇంట్లోనే వంద కిలోల దాణా చేసుకోండి. మొక్కజొన్న నలకలు లేదా నూకలు 35 కిలోలు, చెక్క 30, తవుడు 20, మినప లేదా పెసర పొట్టు 12, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. ఒంటి నిర్వహణకు కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున పెట్టాలి. మీ పెద్ద గేదెకు 4 కిలోలు, అందులోనే 80 గ్రాముల ఖనిజాలు వచ్చేస్తాయి కనుక పైన 20 గ్రాములు వేస్తే చాలు. బస్తా దాణా కొనేవాళ్లు కూడా లేబుల్ చూసి ఈ లెక్క వేసుకోవాలి, లేకపోతే ఒకే వస్తువుకు రెండుసార్లు డబ్బు కడతారు. పెళ్లిళ్లు, పైడితల్లి పండగ, సంక్రాంతుల్లో మిగిలిన అన్నం, పులిహోర గాబులో కుమ్మరించకండి. ఉడికిన అన్నం పెద్దపొట్టలో పులిసి గేదె మేత మానేస్తుంది, ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది.

లివర్ టానిక్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జబ్బు నుంచి లేచిన గేదెకు డాక్టరు రాస్తే కొన్ని రోజులు వాడవచ్చు. ఆరోగ్యంగా ఉన్నదానికి ఎందుకు?

దూడ మాట మీరు రాయలేదు గానీ అది రెండున్నర నెలలది. పురుగుల మందు ఇప్పటిదాకా పట్టకపోతే ఈ వారమే పట్టించండి, ఆరు నెలల దాకా నెలకోసారి. రోజుకు 20 గ్రాముల ఖనిజ మిశ్రమం దాని దాణాలో కలపండి.

చేపడానికి వేసే సూది ఆక్సిటోసిన్. అది పాలను పెంచదు, పొదుగులో ఉన్నదాన్ని కిందికి దింపుతుంది, అంతే. రోజూ వేస్తే గేదె అది లేకుండా చేపడం మానేస్తుంది. ఇలా పాల కోసం సూదులు వెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. దూడ చనిపోయి గేదె చేపని పరిస్థితి వస్తే డాక్టరు చూసి చెప్పిన రెండు మూడు రోజులు వేరు. మీ ఇంట్లో దూడ బతికే ఉంది. పితికే ముందు గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, దూడను రెండు నిమిషాలు విడిచి, బొచ్చెలో చెక్క ముద్ద పెట్టండి, రోజూ అదే వేళకు, అదే చెయ్యి. పది రోజులు ఇలా చేశాక కూడా చేపకపోతే పొదుగువాపు ఉందేమో చూపించండి. గరివిడి పశువైద్య కళాశాల మీకు అందుబాటు దూరమే, ఊరి దగ్గర తేలని కేసయితే అక్కడికి తీసుకెళ్లవచ్చు.